నాయన చేతికి చెంబు

మా నాయన కంటికి ఆపరేషన్ చేయాలంటే ముందు షుగరు దిగాలని అనంతపురం డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఒక కన్ను అప్పటికే మసకేసింది, రెండోదీ అదే దారిలో ఉంది. ఆ ఏడు విత్తడానికి గొర్రు మా ఆయన పట్టాడు. కుందుర్పి చుట్టుపక్కల నాయనంత తిన్నగా వేరుశనగ సాలు తోలేవాడు లేడు. నా మాట కాదు, ఊరంతా అనే మాటే. అట్లాంటి మనిషి గట్టు మీద కూర్చుని, సాళ్లు ఎట్లా వచ్చాయని నన్ను అడిగాడు. బాగానే వచ్చాయన్నాను.

నా అత్తగారిల్లు కూడా నాయన ఊళ్లోనే, రెండు వీధుల అవతల. మరుసటి వారమే నాయనను కుందుర్పిలో కొత్తగా పెట్టిన షుగరు సంఘంలో చేర్పించాను. అక్కడ పరీక్షలు చేస్తారు, ఏం తినాలో చెబుతారు, రోజూ నడవమంటారు. అంతవరకూ నాయనకు వైద్యమంటే సూదే. నీరసమొస్తే సూది, ఇంకా నీరసమొస్తే గ్లూకోజు బాటిలు. షుగరు మనిషికి గ్లూకోజు ఎక్కించుకుంటారా అని సంఘం డాక్టరమ్మ తల పట్టుకుంది. మొదట్లో ఖర్చు తగ్గలేదు సరికదా, పెరిగింది. రక్తం పరీక్ష, కాళ్ల పరీక్ష, బీపీ కూడా ఉందని ఇంకో మాత్ర. చేరకముందు ఒక్క రోగమే ఉండేదని అమ్మ సణిగింది. ఉన్న రోగమే బయటపడింది గానీ సంఘం అంటించలేదని గట్టిగా చెప్పాను. తెలియని సంగతి కూడా గట్టిగా చెప్పడం నాకు అలవాటే గానీ, ఇది మాత్రం తెలిసే చెప్పాను.

అయినా షుగరు దిగలేదు. అన్నం తగ్గించి రాగిసంగటికి వచ్చాడు, టీలో చక్కెర మానేశాడు, రోజూ పొద్దున్నే చెరువు కట్ట దాకా పోయి వస్తున్నానన్నాడు. ఒకరోజు తొలి బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే పాల ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన దర్జాగా మా నాయన!

నాకు ఒళ్లు మండిపోయింది. బస్సు సంగతి వదిలేసి ఆయన వెంట ఇంటికి పోయాను. దారి పొడుగునా తిట్టాను. ఆయన తొణకలేదు.

"నేనేం చేయల్లమ్మా? బండి నిలిపి ఎక్కన్నా అంటారు. ఎక్కకుంటే మనసులో ఏమో పెట్టుకున్నాడనుకుంటారు."

అందులో అబద్ధమేమీ లేదు. మా ఊళ్లో నడిచిపోయే పెద్దమనిషిని చూసి బండి ఆపకపోవడం తప్పు, ఆపిన బండి ఎక్కకపోవడం ఇంకా తప్పు. పోయేటప్పుడు ట్రాక్టరు, వచ్చేటప్పుడు పాల ఆటో. ఊరికే నడుస్తున్నానంటే నమ్మేవాడు లేడు. నేను అరుస్తుండగానే అమ్మ పెరట్లోకి పోయి, దొడ్డికి పోయే సత్తు చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకోని పో. ఎవరు నిలుపుతారో చూస్తాం."

నా కోపమంతా ఎటు పోయిందో, పగలబడి నవ్వాను. పొద్దున్నే చెంబుతో పోయే మగమనిషిని పలకరించేదెవరు? మర్నాడు పాల ఆటో ముఖం తిప్పుకుని పోయింది. ట్రాక్టరూ అంతే. నాయన చెరువు కట్ట దాకా నడిచాడు, నడిచే వచ్చాడు. వారం తిరక్కుండా పక్కింటామె దానిమ్మ తొక్క కషాయం కాచి తెచ్చింది. అన్న అంత దూరం పోతున్నాడు, అంతసేపు రావడం లేదు, కడుపు బాగలేదేమోనని ఆమె బెంగ. అమ్మ నవ్వు బిగబట్టి గిన్నె అందుకుంది.

ఎండాకాలానికి షుగరు దిగింది. సూదులు లేవు, బాటిళ్లు లేవు, మాటిమాటికీ అనంతపురం బస్సెక్కడం లేదు. మాత్రల ఖర్చు మాత్రం మిగిలింది. సణిగిన అమ్మే ఇప్పుడు వీధిలో సంఘం గొప్పలు చెప్పసాగింది. కంటి ఆపరేషన్ అయింది. ఆ ఏడు వాన ఆలస్యమైందని ఊరంతా తిట్టుకుంది గానీ నేను తిట్టలేదు. కన్ను మానేదాకా ఆగింది మరి.

వాన పడి నేల పదునైన రోజు నాయన గొర్రు పట్టాడు. గట్టు మీద నేను నిలబడ్డాను, సాళ్లు ఎట్లా వచ్చాయని ఆయన నన్ను అడగలేదు. సాయంత్రం మా ఆయన మోటారుసైకిలు తెచ్చి, అలసిపోయింటావు, ఎక్కు మామా అన్నాడు.

"నువ్వు పో. నేను నా సాళ్లు చూసుకుంటా వస్తా."

చేతిలో చెంబు లేకుండా నాయన ఒక బండిని కాదనడం అదే మొదటిసారి.