దొరల కోసం కొట్టేసిన అరుగు

చిత్తూరు బజారు వీధిలో మాది చిన్న బట్టల అంగడి. అంగట్లో కూర్చుంటే లోకమంతా మన గడప ముందు నుంచే పోతుందని మా నాయన అనేవాడు. నాకేమో ఆ పోయే లోకం వెనకాలే నేనూ పోయి చూసి రాకపోతే తిన్నది అరగదు. "ఈయన కాళ్లలో చక్రాలున్నాయి" అని మా ఆవిడ వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. ఎనభైల మొదట్లో ఒక ఏడు, అంగడికొచ్చిన ప్రతివాడి నోటా ఒకటే మాట. తిరుపతిలో అంతర్జాతీయ హస్తకళల ప్రదర్శన పెడుతున్నారట, ఏయే దేశాల వాళ్లో వస్తున్నారట, ఊరిని పెళ్లికూతుర్ని చేస్తున్నారట. ఆ ముస్తాబు చూసి రావాలని మనసు పీకుతుండగానే మా మంగత్త దగ్గర నుంచి కబురొచ్చింది.

మంగత్త మా నాయనకు చెల్లెలు. మామ పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. తిరుపతిలో, నడిచి వచ్చే యాత్రికులు గోవిందరాజస్వామిని చూసుకుని అలిపిరికి పోయే దారిలో, ఆమెకో పెంకుటిల్లు. రెండు ఆవులు పెట్టుకుని పాలు పోసుకుంటూ బతికేది. కబురు తెచ్చిన మనిషి గడప దగ్గరే నిలబడి, "పెరటాసి మూడో శనివారానికి రమ్మనింది మీయత్త. తళిగ ఏస్తాదంట. కొత్త గది గూడా సూపిస్తాదంట" అని చెప్పి పోయాడు.

మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, దూరం నుంచి చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. పెరటాసి అరవవాళ్ల నెల. ఆ నెలలో శనివారాలన్నీ వెంకటేశ్వరస్వామివే. ఇంట్లో అన్నం, కూరలు, వడలు వండి, పెద్ద విస్తట్లో రాశిగా పోసి, దీపం పెట్టి, గోవిందా అని కేకవేసి గోవింద కొట్టి పదిమందికీ పెట్టడమే తళిగ. గుడిపాల అవతల ఒక పల్లె నుంచి దొరసామి అనే రైతు ఏటా తన వాళ్లను వెంటబెట్టుకుని, పసుపు గుడ్డలు కట్టుకుని, ముడుపు మూట నెత్తిన పెట్టుకుని కొండకు నడిచి వచ్చేవాడు. మూడో శుక్రవారం సాయంత్రానికి మంగత్త ఇంటి ముందున్న చూరు లేని అరుగు మీదికి చేరేవాళ్లు. శనివారం తెల్లవారుతూనే ఆమె వేసిన తళిగ తిని కొండెక్కేవాళ్లు. ఇది మామ బతికున్న నాటి నుంచీ జరుగుతున్నదే. దొరసామి ఆమెను చెల్లీ అంటాడు, ఆమె ఆయన్ని అన్నా అంటుంది. పుట్టింటి వాళ్లమైన మేము ఏడాదికొకసారి పోకపోయినా ఆయన మాత్రం తప్పేవాడు కాదు.

శుక్రవారం తెల్లవారుజామున ప్యాసింజరు బండెక్కాను. మీటరు గేజీ బండి, పాకాల దాకా ఊగుతూ, పాకాలలో అరగంట నిద్రపోయి, మళ్లీ ఊగుతూ పోతుంది. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పాకాలలోనే అయిపోయింది. అక్కడెక్కిన ఒకాయన బకెట్టు, సున్నం కుంచెలు కాళ్ల సందున పెట్టుకుని కూర్చున్నాడు. ప్రదర్శన పనికేనా అని అడిగాను.

"ఆ పనికేనప్పా. రోడ్డుకుండే గోడలన్నిటికీ నేనే సున్నం ఏస్తా ఉండా. ముందుపక్కకే ఏయమన్నారు. ఎనకపక్క దొరలు సూడరంట" అన్నాడు.

పెట్టెలో అందరూ నవ్వారు. చంద్రగిరి కోట దాటుతుంటే పూలగంప పెట్టుకున్న ఒకామె, "ఎవురొస్తే మాకేమి సామీ, దొరసాన్లు కొప్పులో పూలు పెట్టుకుంటారా యేమి?" అంది.

తొమ్మిది దాటాక తిరుపతిలో దిగాను. స్టేషను ముందు ఎప్పుడూ ఉండే జట్కాలు లేవు. వాటిని వెనక సందులోకి తోలేశారు. బొరుగుల బండ్లు, చెరుకు రసం వాళ్లు, నామాలు దిద్దే పిల్లలు, అంతా మాయం. వాళ్లున్న చోట ఎర్రమట్టి పోసి క్రోటన్ మొక్కలు నాటారు. హోటల్లో పొంగలి, వడ తిన్నాను. రుచి పాతదే, బల్ల మీద పరిచిన గుడ్డ మాత్రం కొత్తది. చేతులు తుడుచుకోబోతే సర్వరు పరుగున వచ్చి, "అది వాళ్లొచ్చేదాకా మాపకూడదు సార్" అన్నాడు. ఇంకా ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకుంటూ జట్కా వెతుక్కున్నాను.

మంగత్త వీధిలో దిగేసరికి ఇల్లు తప్పి వచ్చానేమో అనుకున్నాను. ఇంటి ముందు అరుగు లేదు. అక్కడ సిమెంటు గది, దానికి నీలం తలుపు. తలుపు ముందు మంగత్త, చేతులకు ఇంకా పిండి.

"వచ్చినావా నాయనా! సూడు, యెట్లుండాది?" అంది.

లోపల రెండు నవారు మంచాలు, ఫ్యాను, గోడకు అద్దం. ఆ మూల ఇంకో చిన్న తలుపు. దాన్ని తెరిచి పక్కకు జరిగి నిలబడింది, నగల దుకాణంలో పెట్టె తెరిచినట్టు. తెల్లటి ఇంగ్లీషు మరుగుదొడ్డి. వీధి మొత్తానికి ఇదే మొదటిదట. దీని కోసం రెండో ఆవును అమ్మేసింది.

"ఎవరికత్తా ఇదంతా?"

"యెవురికేంది? వచ్చే దొరలకి! ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఇంట్లో యెన్ని గదులు, దొడ్డి ఉండాదా లేదా అని అడిగిపోయినాడు. దొడ్డి సంగతి ఊరికే అడుగుతారా యెవురన్నా? మన దాంట్లోనే దించుతారు. పాపం వాళ్లు బయలు పోలేరు గదా. యెనక కొట్టం, బావి ఉండాయి, కట్టేదానికి చోటు లేదు. అందుకే అరుగు తీసేస్తిని."

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్లకు వేరే ఆలోచన రాదు. ఈ ఊరికొచ్చే ప్రతివాడూ యాత్రికుడే, యాత్రికుడన్నాక ఎవరి ఇంట్లోనో తల దాచుకోవాల్సిందే. ఆ చివర ఇంటి వాళ్లూ ఈ పక్కింటి వాళ్లూ ఇదే ధీమాతో అరుగులు కొట్టేసి పునాదులు తీసి పెట్టుకున్నారు.

"మరి దొరసామి వాళ్లు?"

"ఈ గదిలోనే! ఇన్నేండ్లు గది లేక ఆయన్ని మంచులో పండుకోబెడితిని. నాకెంత బాధగా ఉండె తెలుసునా? ఈ పొద్దు ఫ్యాను కింద పండుకుంటాడు మా అన్న" అంది. ఆ ముఖం వెలిగిపోతోంది.

భోజనం చేసి, మధ్యాహ్నం ప్రదర్శన మైదానం చూడబోయాను. ఊరి వెలుపల ఎకరాలకు ఎకరాలు చదును చేసి వెదుళ్లు పాతారు. ఒక పక్క కొయ్య బొమ్మలకట, ఒక పక్క చీరలకట, మధ్యలో పెద్ద ద్వారం. పని చేయిస్తున్నది ఒక మద్రాసు ఆయన, మంచివాడే, టీ ఇప్పించాడు. వచ్చేవాళ్లను ఎక్కడ దించుతారని అడిగాను. "మద్రాసులో పెద్ద హోటళ్లు చెప్పేశామండీ. పొద్దున కార్లలో వస్తారు, చీకటి పడకముందే వెళ్లిపోతారు" అన్నాడు. ఇళ్లకొచ్చి దొడ్ల సంగతి అడిగినాయన ఎవరని అడిగితే, మురుగు కాలువలు తవ్వడానికి లెక్కలు తీసుకుంటున్నారని చెప్పాడు. టీ సగంలోనే దించి లేచాను.

తిరిగొచ్చి అత్తకు చెప్పాను. ఎలా చెప్పినా ఆ మాట మెత్తన కాదని, ఉన్నదున్నట్టే చెప్పేశాను. ఆమె వడలకు పప్పు రుబ్బుతూ ఉంది. పొత్రం ఆగింది. కాసేపటికి మళ్లీ తిరిగింది.

"పోనీలే. దొరలు రాకపోతే యేమి? మా అన్న వస్తాడు గదా. ఆయన కోసమే కట్టిస్తిననుకుంటా" అంది.

దీపాలు పెట్టే వేళకు వీధి చివర గోవిందలు వినబడ్డాయి. మంగత్త పసుపు నీళ్ల బిందెతో బయటికి పరుగెత్తింది. పదిహేను ఇరవై మంది, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లు, పసుపు గుడ్డలు. ముందు దొరసామి. బాగా ముసలివాడయ్యాడు, ఒక మోకాలికి గుడ్డ చుట్టి ఉంది. ఆయన కోడలి నెత్తిన ముడుపు మూట. మంగత్త వంగి ఒక్కొక్కరి కాళ్ల మీదా నీళ్లు పోసింది. ఆయన చూపు మాత్రం నీలం తలుపు మీదే నిలిచింది.

"అరుగు యాడ పాయె చెల్లీ?"

"అరుగు యెందుకన్నా ఇంక? గది ఉండాది. ఫ్యాను ఉండాది. రా, లోపలికి రా."

ఆయన గడప దాటలేదు. అక్కడి నుంచే లోపలికి తొంగిచూశాడు. "ఆ మూల వాకిలేంది?" అన్నాడు.

"దొడ్డి అన్నా. ఇంగ్లీషు దొడ్డి. చెంబెడు నీళ్లు పోస్తే సాలు."

గుంపులో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోడలు ముడుపు మూటను గట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. దొరసామి మంగత్త వైపు తిరిగాడు.

"కోపం చేసుకోబాక చెల్లీ. ముడుపు సామికి ఇచ్చేదాకా మేము కప్పు కిందికి పొయ్యేది లేదు. ఆకాశం కిందనే పండుకోవల్ల. దాంట్లో ఇది... దొడ్డి పక్కన ముడుపు యెట్ల పెడ్తాము, నువ్వే చెప్పు."

మంగత్త బిందె కింద పెట్టింది. "ఇన్నేండ్లుగా నాతో ఒక్క మాట చెప్పలేదే అన్నా!"

"అరుగుండె గదమ్మా. చెప్పే పని లేకపాయె" అన్నాడు ఆయన.

ఎవరిదీ తప్పని అనలేం. ఆమె వాళ్లు గది లేక బయట పడుకుంటున్నారనుకుంది, వాళ్లు ఆమెకు తెలిసే అరుగిచ్చిందనుకున్నారు. పక్కిళ్ల ముందు పునాది గుంటలు. పోనీ రోడ్డు వారన పడుకుందామంటే, కొత్త రోడ్డు మీద ఎవరూ పడుకోకూడదని కర్ర పట్టుకున్న కాపలావాడు అప్పటికే రెండుసార్లు వచ్చి చెప్పాడు. అలిపిరి దాకా నడిచేస్తామన్నారు. ఆ మోకాలితోనా అని మంగత్త ఏడ్చింది, మంచాలు బయటికి లాగేస్తానంది, తలుపే పీకేస్తానంది. దొరసామి ఆమె తల మీద చెయ్యి పెట్టి, "యేడవబాక తల్లీ, నువ్వేమి చేస్తివని" అంటూనే కదిలాడు. గోవిందలు మలుపు దాకా వినబడ్డాయి.

శనివారం ఆమె తళిగ మానలేదు. గుమ్మడికాయ కూర, వడలు, పొంగలి, అన్నం అంతా వండి, విస్తట్లో పోసి, దీపం పెట్టింది. గోవింద కొట్టడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ అన్నం తట్టకెత్తుకుని ఇద్దరం జట్కాలో అలిపిరికి పోయాం. వాళ్లు తెల్లవారకముందే మెట్లెక్కేశారట. తిరిగొచ్చి రోడ్డు వేసే కూలీలకు పెట్టాం. వాళ్లెక్కడివాళ్లో, మన మాట రాదు, కడుపునిండా తిని దండం పెట్టారు. మంగత్త వడ్డిస్తూ, "మేస్త్రీకి చెప్పు నాయనా. ఈ గది పడగొట్టించి మళ్లా అరుగు కట్టిస్తా. వచ్చే పెరటాసికి మా అన్న మళ్లా రావల్ల" అంది. మిగిలిన ఆవును కూడా అమ్మేస్తుందని అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం బస్సులో బయల్దేరాను. కిటికీ పక్కన ఎవరో గుండు ముసలాయన, చోటిస్తే కూర్చున్నాను. తిరిగి చూస్తే దొరసామి. కొండ దిగి వాళ్లంతా బస్సులోనే పోతున్నారు. బస్సు చంద్రగిరి దాటింది.

"చెల్లి తళిగ ఏసిందా?" అన్నాడు.

"వేసింది."

"యెవురు తిన్నారు?"

చెప్పాను. అరుగు మళ్లీ కట్టించబోతోందని కూడా చెప్పాను, సంతోషపడతాడనుకుని. ఆయన ఒళ్లో మూట విప్పి, లోపలున్నది చూపించాడు. ఎర్ర అంచు నేత చీర, పసుపు, కుంకుమ పొట్లాలు.

"ఇది దానికే తెస్తిమి నాయనా. ఈ ఏటితో మా నడక సరి. నా మోకాలు పాయె. పిల్లకాయలు బస్సులో పోయి అదే పొద్దు దిగొస్తామంటా ఉండారు. కడసారిగా ఒక్కసారి దాని అరుగు మీద పండుకుని, పొద్దున్నే తళిగ తిని, ఈ చీర పెట్టి, చెల్లీ ఇంక రాలేమమ్మా అని చెప్పుకుందామని వచ్చినాను. చీర కొండెక్కి, కొండ దిగి, మళ్లా మా ఊరికే పోతా ఉండాది."

"నాకివ్వండి, నేను తీసుకుపోయి ఇస్తాను. ఉన్న మాట చెబుతాను" అన్నాను.

ఆయన చీర నా చేతిలో పెట్టబోయాడు. పెట్టబోయి ఆగాడు. "ఇప్పుడు చెప్తే నమ్ముతాదా అప్పా? మోకాలని నేనంటే, గది కట్టినందుకే అన్న రాలేదని అదనుకుంటాది. సచ్చేదాకా అదే అనుకుంటాది" అన్నాడు. చీర మళ్లీ మూటలోకి పోయింది. చిత్తూరు బస్టాండులో ఆయన గుడిపాల బస్సెక్కేదాకా నిలబడి, ఇంటికి నడిచాను.

ప్రదర్శన బాగానే జరిగిందట. రోడ్లు ఇప్పటికీ బాగున్నాయి, చిత్తూరు నుంచి రెండు గంటల్లో పోవచ్చు, పొంగలి తప్పక తినండి. మీరు పెరటాసిలో పోయేట్టయితే మాత్రం నాదొక మనవి. శుక్రవారం సాయంత్రం అలిపిరి దారిలో మళ్లీ అరుగు కట్టుకున్న ఇల్లు ఒకటే కనబడుతుంది. ఆ గడపలో ఒక పెద్దామె వీధి చివరికి చూస్తూ ఉంటుంది. ఎవరి కోసమని అడగకండి. ఆ అరుగు మీద కాసేపు నడుం వాల్చి పోండి.