జీతం లోపలా, జీతం మీదా

ఆశాజ్యోతి ఎడమచేత్తో పేస్లిప్పు అంచు నొక్కిపట్టి, కుడిచేత్తో స్కేలును ఒక్కో వరసకూ కిందికి జరుపుతోంది. ప్రతి అంకె పక్కనా పెన్సిలుతో చిన్న చుక్క పెడుతోంది. బల్లకు అవతల నిలబడ్డ శశాంక్, పక్కనే కుర్చీ ఉన్నా కూర్చోలేదు. వర్క్‌షాపు నుంచి నేరుగా వచ్చాడు, ఓవరాల్ మీద గ్రీజు ఇంకా ఆరలేదు.

శుక్రవారం, పదకొండు కావస్తోంది.

“నాలుగింటి లోపల కంపెనీ లెటర్ రావాల్నంటున్నరక్కా బ్యాంకోళ్లు,” అన్నాడు. “కాంట్రాక్టుల అరవై వేలుంది, పేస్లిప్పు లెక్క గడ్తే యాభై ఎనిమిది వేల చిల్లర వస్తుంది, ఏది నిజమని అడుగుతున్నరు. చిన్నదే నిజమైతే ఇంటి లోన్ల ఎనిమిది వేలు కోస్తరట. ఆ ఎనిమిది వేలు నా తాన లేవు, మా ఆమె వర్షిత తాన లేవు. సాయంత్రానికి ఇల్లు ఇంకొకలకు పోతది.”

“గాభరా పెట్టకయ్యా, చూడనీ,” అంది ఆమె తల ఎత్తకుండానే.

పాలు పితికే మిషన్లను పాడి ఫారాల్లో బిగించి, చెడితే బాగుచేసే కంపెనీ అది. హామిల్టన్ శివార్లలో రేకుల షెడ్డు, దాని పక్కన రెండు గదుల ఆఫీసు. శశాంక్ అక్కడ ఫిట్టరు. కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చి, చదువైపోయాక నిరుడు ఏప్రిల్‌లో చేరాడు. మొత్తం ఇరవై ముగ్గురి జీతాలు చూసేది ఆశాజ్యోతి ఒక్కతే.

ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. గుంటూరులో నూలు మిల్లు ఆఫీసులో ఆరేళ్లు పీఎఫ్ రిజిస్టర్లు రాసింది. ఈ దేశం వచ్చాక రెండేళ్లు మోటెల్లో గదులు ఊడ్చింది. మధ్యాహ్నం భోజనం వేళ కారులో కూర్చుని, ఒళ్లో అన్నం డబ్బా పెట్టుకుని, పన్నుల శాఖ పుస్తకాలు ప్రింటు తీసుకుని చదివింది. అర్థం కాని లెక్కను కాగితం మీద వేసి చూసేది, సరిపోయేదాకా వేసేది. యజమాని గ్రాహమ్ భార్య హెలెన్ జీతాల పని వదిలేస్తానన్నప్పుడు, వారానికి మూడు రోజులకని మొదలుపెట్టి, తరవాత ఐదు రోజులకు పెంచుకుంది.

స్కేలు ఆగింది.

“ఇదిగో, ఇటు చూడు. రెండు వారాలకు గ్రాస్ రెండు వేల రెండు వందల నలభై డాలర్ల నలభై ఎనిమిది సెంట్లు. దీన్ని ఇరవై ఆరుతో గుణిస్తే వచ్చేదే వాళ్ల యాభై ఎనిమిది వేలు. కింద నీ రిటైర్మెంటు పొదుపు, కివీసేవర్ కోత, మూడు శాతం, అరవై ఏడు డాలర్ల ఇరవై ఒక్క సెంట్లు. దాని కింద కంపెనీ వాటా, అదీ అరవై ఏడు ఇరవై ఒకటే. ఆ వాటా మీద పన్ను ఇరవై డాలర్ల పదహారు సెంట్లు.”

“ఆ పన్ను గూడ నా జీతంలకెల్లేనా?”

“కాదు. కంపెనీ వాటాలోంచే పోతుంది. మిగిలింది నీ కివీసేవర్‌లో పడుతుంది. నీ చేతికొచ్చే డబ్బుతో దానికి సంబంధం లేదు.”

“అయితే లెక్క సక్కగనే ఉన్నట్టు గదా? మన దిక్కు సీటీసీల పీఎఫ్ కలిపి చెప్తరు గదా, గట్లనే. అరవై వేలల్ల కంపెనీ వాటా గూడ ఉందని రాసియ్యి. మిగిలింది నేనే ఏదోటి చేస్త.”

గ్రాస్‌కు కంపెనీ వాటా కలిపితే ఏడాదికి సరిగ్గా అరవై వేలకు తేలుతోంది. పది సెంట్ల తేడా కూడా లేదు. అంత చక్కగా సరిపోయిందంటే ఎవరో కావాలనే అలా అమర్చారన్నమాట. ఎవరో కాదు. నిరుడు ఏప్రిల్‌లో పాత పుస్తకాల నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు ప్రతి మనిషి వివరాలూ ఎక్కించింది తనే.

“నువ్వెళ్లి పని చూసుకో. గంటలో పిలుస్తా,” అంది.

అతను వెళ్లాక బీరువాలోంచి శశాంక్ ఫైలు తీసింది. పైన గ్రాహమ్ పంపిన పాత మెయిలు: ‘ప్యాకేజీ అరవై వేలు.’ ఆ మాట చూడగానే ఆమె చెయ్యి ఆరోజు ‘వాటా జీతం లోపల’ అన్న గడిలో టిక్కు పెట్టింది. గుంటూరులో ప్యాకేజీ అంటే అదే కదా. కాంట్రాక్టు వారం తరవాత వచ్చింది. సంతకాలున్నాయో లేదో చూసి ఫైల్లో పెట్టేసింది, చదవలేదు. ఇప్పుడు చదివింది. నాలుగో పేజీ, రెండో పేరా: జీతం అరవై వేలు, కంపెనీ కివీసేవర్ వాటా దీనికి అదనం.

ముప్పై ఒక్క పేస్లిప్పులు. రెండు వారాలకు అరవై ఏడు డాలర్ల చొప్పున కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు శశాంక్ జీతంలోంచే పోయింది.

శశాంక్ తనంతట తనే చెప్పిన వాక్యం ఉంది. రెండు లైన్ల లెటరు, ఎవరూ అడగరు. ఆ లెటరు రాస్తే అతని ఇల్లు పోతుంది, ఆమె పేరు నిలుస్తుంది.

ఆమె లేచి మిగతా ఇరవై రెండు ఫైళ్లూ బల్ల మీదికి తెచ్చింది.

ఒంటిగంటయ్యేసరికి ఇంకో ఇద్దరు తేలారు. వాళ్ల మెయిళ్లలోనూ ‘ప్యాకేజీ’, వాళ్ల కాంట్రాక్టుల్లోనూ ‘అదనం’. గ్రాహమ్‌కు నాలుగుసార్లు ఫోన్ చేసింది. టె అవాముటు ఊరి అవతల ఏదో పాడి ఫారంలో ఉన్నాడు, సిగ్నల్ లేదు. లెటరు మీద సంతకం ఆయనదే కావాలి. తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తియ్యలేదు. బకాయిలు రెండుసార్లు వేసింది, మూడోసారి కింది నుంచి పైకి వేసి చూసింది.

రెండూ నలభైకి గ్రాహమ్ గమ్‌బూట్లు గుమ్మం దగ్గర విప్పి లోపలికి వచ్చాడు. ఆమె కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు.

“తప్పు జరిగింది. చేసింది నేను,” అని మొదలుపెట్టి, మూడు కాంట్రాక్టులూ ముందుంచి చెప్పింది.

ఆయన చాలాసేపు కాగితాలు చూశాడు. “మొత్తం ఎంత?”

“ముగ్గురికీ కలిపి ఐదు వేల ఎనిమిది వందలు. వాళ్ల కివీసేవర్‌కు వెళ్లాల్సింది వేరే.”

“దూడలు పుట్టే సీజను ముందు! సామానుకే డబ్బు చాలక చస్తుంటే.” ముక్కు రుద్దుకున్నాడు. “అందులోనే కలిసి ఉందని రాస్తే ఏం? ఆ కుర్రాడు అడగలేదు కదా.”

“అడగలేదు. అలాగే రాయమన్నాడు కూడా. కానీ ఇక్కడ మీ సంతకం ఉంది,” అంటూ నాలుగో పేజీ మీద వేలు పెట్టింది. “దీనికి విరుద్ధంగా నేను రాయలేను. మీరు ఇంకెవరిచేతైనా రాయించుకోండి.”

గోడ గడియారం మూడు దాటింది. షెడ్డులో ఎవరో వాక్యూమ్ పంపు పరీక్షిస్తున్నారు, ఆ చప్పుడుకు కిటికీ అద్దం అదురుతోంది. అది ఆగాక గ్రాహమ్ కాగితాలు ఆమె వైపు జరిపాడు.

“హెలెన్ ముందే అంది, ఒక్కళ్లకే వదిలెయ్యొద్దని. ఇకమీదట జీతాలు వేసే ముందు ఆమె చూస్తుంది, ప్రతిసారీ.”

ఐదేళ్లుగా ఆమె లెక్కను ఇంకొకరు చూడాల్సిన అవసరం రాలేదు. అయినా “చూడమనండి,” అంది.

“పెన్నివ్వు.”

ఆయన సంతకం పెట్టిన లెటరును ఆమె ముందే రాసి ఉంచింది, మాటలు పెంచలేదు. జీతం అరవై వేలు, కంపెనీ వాటా అదనం. నిరుటి ఏప్రిల్ నుంచి పేస్లిప్పులో కంపెనీ పొరపాటు. వచ్చే జీతంతో బకాయి చెల్లింపు. వెనక సరిచేసిన నమూనా జతచేసింది: గ్రాస్ రెండు వేల మూడు వందల ఏడు, అరవై తొమ్మిది సెంట్లు, ఉద్యోగి కోత అరవై తొమ్మిది ఇరవై మూడు, కంపెనీ వాటా విడిగా, గీత కింద, అంతే. మూడూ ఇరవైకి స్కాన్ చేసి బ్యాంకుకు పంపి, శశాంక్‌ను పిలిచింది.

అతను రెండుసార్లు చదివాడు. “అంటే గిన్ని దినాలు...”

“నా తప్పే. కాంట్రాక్టు చదవకుండా టిక్కు పెట్టా.”

“నేను గూడ సదవలేదు గదక్కా, సంతకం పెట్టిన!” నవ్వబోయి, నవ్వు రాక ఫోను వైపు చూశాడు. “గిప్పుడు ఏమంటరో ఏమో వాళ్లు.”

“కూర్చో ముందు. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు.”

మూడూ ముప్పై. మూడూ నలభై. ఒకసారి ఫోను మోగితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వర్షిత. “ఇంకా రాలే, పెట్టెయ్యి, లైను ఖాళీగుండాలె,” అని కట్ చేశాడు.

మూడూ యాభై రెండుకు ఆఫీసు ఫోను మోగింది. బ్యాంకామె ఒకే ప్రశ్న వేసింది: ఈ నమూనాలో కంపెనీ వాటా గ్రాస్‌లో ఉందా, బయట ఉందా? ఆశాజ్యోతి ఒకే మాటలో బయట అని చెప్పింది. అవతల కీబోర్డు టకటకలు. “సరే. పూర్తి మొత్తానికి ఆమోదం. ఇంటి కొనుగోలు చూస్తున్న వాళ్ల లాయరుకు ఇప్పుడే మెయిలు పెడుతున్నాను.”

ఆమె ఫోను పెట్టి తల ఊపింది. శశాంక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“లాయరుకు ఒరిజినల్స్ కావాలంటారు,” అంటూ ఆమె లెటరునూ నమూనానూ సరిగ్గా అంచులు కలిపి, స్టేపుల్ కొట్టి, కవర్లో పెట్టి అతని చేతికిచ్చింది.

“గ్రీజు అంటించకు,” అంది.