గుమ్మానికి బిగించిన సాక్ష్యం

సీలాయన గెలిచిన గొడవల్లో ఆయన అక్క దగ్గరుండి చూసింది పాలగిన్నె గొడవ. పక్కింటి టైలరమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, మీ పిల్లి మా పాలన్నీ తాగేసింది. దీనికేమంటారు?"

"నువ్వు చూశావా అమ్మా?"

"మా కోడలు చూసింది."

"మరి నువ్వెందుకొచ్చావు? నువ్వు చెప్పేది విన్నమాట, అది చెల్లదు. కోడల్ని పిలువు."

కోడలు చేతిలో సూదితోనే వచ్చింది. పిల్లి తాగుతుండగా చూడలేదట, మూతి తెల్లగా పెట్టుకుని గోడ దూకుతుంటే చూసిందట. సీలాయన పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తడిగుడ్డతో దాని మూతి నాలుగుసార్లు తుడిచాడు. మూతి తెల్లగానే ఉంది.

"పుట్టుకతో వచ్చిన తెలుపు తల్లీ. నిన్నా తెలుపే, రేపూ తెలుపే. తాగిందన్నవాళ్లే రుజువు చెయ్యాలి. పిల్లి నోరు విప్పక్కర్లేదు."

"మీతో మాట్లాడేకంటే నా కుట్టుమిషనుతో మాట్లాడుకోవడం నయం" అని టైలరమ్మ చరచరా వెళ్లిపోయింది.

పిల్లి తాగడం అక్క చూసింది. గోడ ఇవతల బట్టలారేస్తూ, ఆఖరి చుక్కదాకా చూసింది. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు.

సీలాయన ఆవిడకి తోడబుట్టిన తమ్ముడు. కోర్టులో సొత్తు గది ఆయన చేతిలో ఉంటుంది. కేసుల్లో పట్టుకొచ్చిన విరిగిన కర్రలు, చిరిగిన చొక్కాలు, దొంగ సామాన్లు తీర్పు వచ్చేదాకా అక్కడే పడి ఉండాలి. వచ్చిన ప్రతి వస్తువుకీ చీటీ కట్టి, ముడి మీద లక్క కరిగించి సీలు వేస్తాడు గనుక అందరికీ సీలాయన. ముప్ఫయ్యేళ్లలో ఆ గదిలోంచి గుండుసూది పోలేదు. ఒకసారి ఇంట్లో ఉప్పు డబ్బాకీ చీటీ కట్టబోతే అక్క గరిటె తిరగేసింది, అక్కడితో ఆగాడు.

అక్కది ఆ గదికి ఎదురుగా టీ బడ్డీ. రెండో తరగతితో బడి మానేసిన మనిషే గాని, ఏ ప్లీడరు ఓడిపోతాడో వాడి టీ చల్లారేలోగా చెప్పేస్తుంది. వాళ్లు వినరు. ఓడిపోతారు.

ఆరేళ్ల కిందట ఆ గదికి సాక్ష్యంగా ఒక తలుపు వచ్చింది. తాళాల పనివాడొకడు ఒక కొట్టు తలుపును ఉలితో గెలికి తెరిచాడని కేసు. సరిగ్గా అప్పుడే సొత్తు గది సొంత తలుపును చెదలు తినేశాయి. రిపేరుకని పట్టుకెళ్లిన వడ్రంగి తలుపూ తేలేదు, తనూ రాలేదు. కొత్తది అడిగితే, కాగితాల ప్రకారం ఆ గదికి తలుపుంది, రిపేరులో ఉంది, పొమ్మన్నారు. సీలాయన వారం రోజులు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎనిమిదో రోజున కేసు తలుపును ఎత్తి గుమ్మానికి ఆనించి చూశాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది.

"ఇదేం పనిరా? సాక్ష్యాన్ని తలుపు చేస్తావా?" అంది అక్క.

"సాక్ష్యం భద్రంగా ఉండాలా వద్దా? గదికి తలుపు లేకపోతే లోపలున్న తలుపుకి దిక్కెవరు? దాన్నే గుమ్మానికి బిగిస్తే అన్నీ భద్రం."

చీటీ, సీలు చెక్కుచెదరకుండా బిగించాడు. తాళంచెవికీ చీటీ ఉంది, దాన్ని మొలతాడుకి కట్టుకున్నాడు.

ఆరేళ్లకి కేసు కదిలింది. గీతలు సరిగా ఆనని తలుపు పాత ఫొటో చూపిస్తే కొత్త జడ్జిగారు, "అసలు ఉండగా నకలెందుకు? తలుపు తెండి" అన్నారు. నలుగురు బంట్రోతులు ఊడదీసి మోసుకెళ్లారు. హాలు గుమ్మంలో అది అడ్డం తిరిగి ఇరుక్కుపోతే, లోపలున్న జడ్జిగారు అరగంట బయటికి రాలేకపోయారు. ఇక్కడ సొత్తు గది గుమ్మంలో అక్క స్టూలేసుకుని కూర్చుంది. ఆ పూటకి తలుపు ఆవిడే. హాల్లో ఏం జరిగిందో తర్వాత తమ్ముడు చెబితే తెలిసింది. ఆయన లెక్కలో అదీ విన్నమాటే.

తాళం చుట్టూ గీతలు లెక్కపెట్టారు. పదకొండు. పోలీసులు ఆనాడు గీతలు ఉన్నాయని రాశారు గాని, ఎన్ని ఉన్నాయో రాయలేదు.

"పదకొండండీ! ఎంత తెగించి గెలికాడో చూడండి" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

తాళాల పనివాడు బోనులోనే ఏడ్చాడట. "అయ్యా, నేను చెయ్యి పెడితే ఒక్క గీత పడదు. జైల్లో వేస్తే వెయ్యండి గాని, పదకొండు గీతల పనివాణ్ణని రాయకండి!"

"అది నీ అభిప్రాయం, సాక్ష్యం కాదు" అన్నారు జడ్జిగారు. ఇంకెవరైనా చెప్పేదుంటే రేపు రమ్మని, ఆ తర్వాత తీర్పేనని లేచిపోయారు.

సాయంత్రం అక్క గ్లాసులు కడుగుతుంటే సీలాయన వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"అక్కా, నేను చీటీ కట్టిన రోజున గీతలు నాలుగే. మిగతా ఏడూ నావి."

అక్కకి తెలుసు. తమ్ముడు చూపు సరిగా ఆనక తాళంచెవి కన్నంలో కాక చెక్క మీద పొడుస్తుంటే, "ఒరే, అది తలుపా, తురుముపీటా?" అని రోజూ పొద్దున్నే నవ్వింది ఆవిడే.

"నోరు మూసుకో. ఇంకో రెండు నెలల్లో ఉద్యోగం దిగిపోతున్నావు. ముప్ఫయ్యేళ్ల పేరు మట్టిలో కలుపుకుంటావా? నిన్నెవరూ అడగలేదుగా?"

"ఎవరూ అడగలేదని ఊరుకుంటే వాడు జైలుకి పోతాడు."

"ఆ నాలుగూ వాడివే అయ్యుంటాయిలే."

"కావొచ్చు, కాకపోవచ్చు, అది తేల్చడం నా పని కాదు. అనుమానముంటే ముద్దాయికే మేలు జరగాలి. ఆ అనుమానం నా దగ్గరుంది అక్కా. దాచుకున్నానంటే అది దొంగసొత్తే."

"అయితే పోయి చెప్పుకో. మధ్యలో నేనెందుకు?"

"నా ఒక్కడి మాటయితే, వాడి దగ్గరేదో తిని చెబుతున్నానంటారు. రోజూ కళ్లారా చూసింది నువ్వు. రేపు బోనెక్కు."

"ఆ వేలెడంత ప్లీడరు నన్ను నిలదీస్తాడా? రెండో తరగతి దాన్నని నవ్వుతాడు."

"చూసింది చెప్పడానికి చదువెందుకు? చూసింది చెప్పు, అనుకున్నది చెప్పకు, అంతే. అడక్కుండా చెప్పడమే నీకు అలవాటు లేదు."

"నాకా? నేనేం దాచానురా?"

"పిల్లిని."

"నేను చూశానని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. టైలరమ్మ మన గుమ్మంలో నిలబడి అంతంత మాటలంటుంటే, నువ్వు తిరిగి ఒక్క మాటనలేదు. నువ్వు! ఇంతకు మించిన సాక్ష్యం నేనీ ముప్ఫయ్యేళ్లలో చూడలేదు."

అక్క కడిగిన గ్లాసు ఠక్కున బోర్లించింది.

"రేపటికి నోరు కాస్త అలవాటు పడాలి" అన్నాడు సీలాయన లేస్తూ. "ఇంటికెళ్లేటప్పుడు టైలరమ్మ గుమ్మం దగ్గర ఆగు. పాలు తాగింది మన పిల్లేనని, నువ్వే చూశావని, ఆవిడ అడక్కముందే చెప్పు."