దర్వాజా మీది పట్టు జెండా

నిన్న పంజాగుట్టలో వాన పట్టుకుంటే, తొంభైకి దగ్గరపడ్డ నన్ను మనవరాలు ఒక బట్టల దుకాణంలో కూర్చోబెట్టింది. అక్కడ పనిచేసే పిల్ల తడిసిన చీర ఒకదాన్ని మూలకు విసిరేసింది. ఆ విసురు చూడగానే మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, గుర్తొచ్చాడు.

నిజాం కాలం. నాకు ఏడేళ్లు. నేతగాళ్ల ఊరు విడిచి వచ్చిన పెద్దబాపు, పెద్దమ్మ అమీర్‌పేటలో మాతోనే ఉండేవారు. అప్పట్లో మా ఇల్లు దాటితే జొన్నచేలు, పంజాగుట్ట దాకా బండరాళ్లు. పెద్దబాపు పొద్దున్నే అంబలి తాగి, లక్డీకాపూల్ మీదుగా మూసీ దగ్గరి పాత దర్వాజాకు నడిచిపోయేవాడు. నగరం చుట్టూ ఉన్న గోడ చాలామటుకు కూలినా ఆ ద్వారం నిలిచింది. ఒకప్పుడు పొద్దుగూకగానే దాని తలుపులు మూసేవారట. ఆలస్యమైన బండ్లవాళ్లు బయటే వండుకు తినేవారట. కాలక్రమాన కాపలావాళ్లు పోయి పావురాలు చేరాయి. సర్కారు వాటిని వెళ్లగొట్టి, పై గదిలో కత్తులు, నాణేలు, పాత బట్టలు పెట్టి మ్యూజియం చేసింది. పావురాలు మాత్రం ఆ ఉత్తర్వును ఒప్పుకోలేదు. ఆ బట్టల చిరుగులు కుట్టడం పెద్దబాపు పని.

ఒక వానాకాలం కప్పు కారి, అక్కడున్న రెండు మంచాలంత పాత పట్టు జెండా తడిసింది. మ్యూజియం అధికారి ఊళ్లో లేడు. అనుమతి కాగితం లేకుండా తీస్తే దొంగతనమని రాస్తానన్నాడు అక్కడ కాపలా చూసే జమేదారు. పెద్దబాపు అతని ఎదుటే జెండాను మైనంగుడ్డలో చుట్టి ఇంటికి మోసుకొచ్చాడు.

"దొంగలంటరు మనల్ని," అంది పెద్దమ్మ.

"అననియ్," అన్నాడాయన.

మాకున్నది ఒకటే గది. మంచాలు బయటికి పోయాయి, పొయ్యి చూరు కిందికి పోయింది. జెండా నాలుగు రోజులు నేలంతా పరుచుకుని ఆరింది. మేం గోడవారగా నడిచేవాళ్లం. పెద్దమ్మ దాని మొహం చూడనట్టే ఉండి, మమ్మల్ని మాత్రం కాళ్లు కడగనిదే లోపలికి రానిచ్చేది కాదు.

ఐదోనాడు అధికారి జమేదారుతో సహా టాంగాలో దిగాడు. జెండా చూసి గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు. ఎందుకు తెచ్చావని అడిగాడు.

"సాబ్, గోడ కూలితె మల్ల కట్టొచ్చు. గీ నేత నేసెటోళ్లు ఇప్పుడు లేరు," అన్నాడు పెద్దబాపు.

అధికారి మా గడప మీదే కూర్చుని, లేని కాగితం రాసిచ్చాడు. ఆ చలికాలమే కప్పుకు కొత్త సున్నం పడింది. చూపు మందగించేదాకా పెద్దబాపు అక్కడే కుట్టాడు.

కాలం రాయిని మెల్లగా, పట్టును తొందరగా తింటుంది. ఆ నాలుగు రోజులు మాత్రం కాలం మా ఇంట్లోకి రావడానికి జంకిందనే అనుకుంటాను.