బా మందిరానికి రెండు చిలుకలు

2020 నవంబరు 8, ఆదివారం. హాజరైనవారు: నేను, నా భార్య, మా అబ్బాయి, కోడలు, కింది ఇంటి బా. గది మధ్యలో చెక్క కోసే జాలీ మిషన్. కిటికీలు రెండూ తెరిచి ఉన్నాయి.

ఆ రోజు నా డైరీలో మొదటి వరుసలు ఇవి. మగ్గాల షెడ్డులో పనిచేసిన రోజుల నుంచీ నాది ఇదే పద్ధతి. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు వచ్చారు, ఆ తర్వాతే ఏం జరిగింది. రిటైరయ్యాక కూడా మానలేదు. ఇంట్లో నలుగురం కూర్చుని టీ తాగినా హాజరు వేస్తానని నా భార్య ఎగతాళి చేస్తుంది. కానీ ఆ ఆదివారం మాత్రం నిజంగానే హాజరు వేసుకోవలసిన రోజు. సాయంత్రానికి బా పూజా మందిరం తలుపులు పూర్తి కాకపోతే సోమవారం నా మిషన్ పాత సామాన్ల బండి ఎక్కాలి. అది ఆవిడకూ నాకూ మధ్య కుదిరిన మాట.

గుజరాతీలు ఇంటి పెద్దావిడను బా అంటారు. ఇల్లు ఆవిడది. కింద ఆవిడ ఒక్కతే ఉంటుంది, పైన అద్దెకు మేము ఇరవై ఏళ్ళ పైనుంచి ఉంటున్నాం. ఆవిడ గుజరాతీలో మాట్లాడుతుంది, మేము హిందీలో జవాబు చెబుతాం. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

మిషన్ నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ ఏడాది మార్చిలో లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయాయి. సూరత్ నగరం లింబాయత్‌లో మా వీధి నలభై ఏళ్ళలో ఎన్నడూ అంత నిశ్శబ్దంగా లేదు. మగ్గాల చప్పుడులో హాయిగా నిద్రపోయే మనుషులం మేము. ఆ చప్పుడు ఆగితే నిద్ర పట్టలేదు. మావాళ్ళు చాలామంది దొరికిన బండి ఎక్కి కరీంనగర్ వైపు వెళ్ళిపోయారు. మేము కదల్లేదు. పల్సానా రంగుల మిల్లులో మా అబ్బాయి పని జూన్‌లో మళ్ళీ మొదలైంది. నాకు మాత్రం పనే లేదు. పాత డైరీలన్నీ వరుసగా పేర్చి, అట్టలు వేసి, మళ్ళీ విప్పి పేర్చాను.

అది చూసి మా కోడలు ఒకరోజు ఫోను నా ముందు పెట్టింది. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఫోనులో ఎవరో కుట్టుమిషన్ లాంటి యంత్రం ముందు కూర్చుని చెక్కను పువ్వులా కోస్తున్నాడు. చీపురు పుల్లంత సన్నటి రంపం ఉన్నచోటే పైకీ కిందికీ ఆడుతోంది. మనిషి రంపాన్ని కదపడం లేదు, చెక్కను తిప్పుతున్నాడు.

"మామా, గిది మీకు బరాబర్ ఒస్తది, చూడుండ్రి. గీత మీద పోవుడే గదా," అంది.

పక్కనే ఉధనాలో ఫోటో ఫ్రేములు కట్టే దుకాణం ఒకటి ఆ జూన్‌లోనే మూతపడింది. వాళ్ళ దగ్గరున్న స్క్రోల్ సా మిషన్‌ను మా అబ్బాయి ఆటోలో వేసుకొచ్చాడు. ఇక్కడి వడ్రంగులు దాన్ని జాలీ మిషన్ అంటారు. మేమూ అదే పేరు పెట్టుకున్నాం.

మొదటి రోజే బాకు కోపం తెప్పించాను. రంపానికి పళ్ళు ఏ వైపు ఉండాలో చూసుకోకుండా బిగించాను. పళ్ళు కిందికి చూడాలి. నావి పైకి చూస్తున్నాయి. స్విచ్ వేయగానే రంపం చెక్కను పైకి లాగి బల్ల మీద దడదడ కొట్టసాగింది. కింద బా అలమరలో స్టీలు పళ్ళేలు మోగాయట. ఆవిడ చీపురు కర్రతో తన కప్పును, అంటే మా నేలను, మూడుసార్లు గట్టిగా పొడిచింది. అప్పటి నుంచి ఆ మూడు దెబ్బలు వినిపిస్తే మిషన్ ఆపేయాలని అర్థం.

రంపం సరిగా బిగించాను. పాత స్కూటరు టైరు ముక్కలు కోసి మిషన్ కాళ్ళ కింద పెట్టాను. మగ్గాల అదురు తగ్గించడానికి షెడ్డులో చేసే పనే ఇది. చప్పుడు సగానికి పైగా తగ్గింది, అయినా బా కర్ర ఆగలేదు. రోజూ ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేర్చుకున్నాను. మొదటి వారం సూటి గీతలు, రెండో వారం వంపులు, ఆ తర్వాత ఆకులు. మిల్లు నుంచి మా అబ్బాయి తెచ్చే పెట్టెల ప్లైవుడ్ ముక్కల మీదే ఇదంతా. విరిగిన రంపాల లెక్క డైరీలో రాశాను. జూలైలో రోజుకు నాలుగు విరిగేవి. సెప్టెంబరులో వారానికి ఒకటి. తోసేకొద్దీ రంపం విరుగుతుందనీ, చెక్కను దానికి అందిస్తే చాలనీ చేతికి తెలియడానికి అంతకాలం పట్టింది.

దీపావళి ముందు గుజరాతీ ఇళ్ళలో ప్రతి మూలా దులుపుతారు. అలా దులిపినప్పుడు బా చెక్క మందిరం తలుపులకు చెదలు పట్టినట్టు బయటపడింది. రెండు చిన్న తలుపులు, ఒక్కోదాని మీద మామిడి కొమ్మపై, కాయ దగ్గర ముక్కు పెట్టి కూర్చున్న చిలుక. చుట్టూ జాలీ, అంటే ఖాళీలు కోసిన అల్లిక. కొమ్మలు, ఆకులు అంచును పట్టుకుని ఉంటే, చిలుక కొమ్మను పట్టుకుని ఉంటుంది. ఆవిడ పెళ్ళయి వచ్చినప్పటి మందిరం అది. కరోనా భయంతో ఏ వడ్రంగినీ ఆవిడ గడప లోపలికి రానివ్వడం లేదు.

మెట్ల మీద నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగింది. "మాస్టర్, నాలుగు నెలలుగా నా తల మీద ఆకులు కోస్తున్నావు. ఆ మిషన్ దేనికైనా పనికొస్తుందా, లేకపోతే వట్టి చప్పుడేనా?"

"పనికొస్తుంది బా."

"అయితే వచ్చే ఆదివారం లోపల నా తలుపులు చెయ్యి. చెయ్యలేకపోతే సోమవారం దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దాం. నా పళ్ళేలైనా బతుకుతాయి."

సరేనన్నాను. ఆవిడ పాత అలమర వెనక పలకను ఇచ్చింది. పావు అంగుళం మందం, మంచి టేకు. కొలిస్తే మూడు తలుపులకు సరిపోతుంది. ఒకటి చెడినా పరవాలేదని ధైర్యంగా ఉన్నాను.

బుధవారం పాత తలుపు మీద కాగితం వేసి చిలుకను ఎత్తుకున్నాను. ఎర్ర పెన్సిలుతో చిలుకంతా రంగు నింపాను. గంజితో కాగితాన్ని టేకు ముక్కకు అతికించాను. గురువారం పదికి కూర్చుని పన్నెండు దాటినా లేవకుండా కోశాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. రంపం ఒక్కటీ విరగలేదు. ఇంత బాగా ఎన్నడూ కోయలేదు అనుకుంటూ పలకను పైకి ఎత్తాను. చిలుక కింద పడింది.

పలకలో చిలుక ఆకారంలో పెద్ద రంధ్రం మిగిలింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. నేను నలభై ఏళ్ళు చేసింది జకార్డ్ మగ్గాలకు అట్టలు కొట్టే పని. గళ్ళ కాగితం మీద డిజైన్‌కు ఎర్ర రంగు నింపుతాం. రంగు ఉన్న గడికి అట్టలో రంధ్రం కొడతాం. రంధ్రం ఉన్నచోట మగ్గం పోగును పైకి లేపుతుంది, చీర మీద పువ్వు వస్తుంది. అంటే నా చేతికి తెలిసిన లోకంలో రంధ్రమే పువ్వు. ఎర్ర రంగు కనిపించగానే నా చేయి చిలుకను తీసేసింది. చెక్కలో తీసేసింది పోతుంది, మిగిల్చిందే బొమ్మ. ఏ వడ్రంగీ ఇలాంటి తప్పు చేయడు.

నా భార్య వచ్చి కింద పడిన చిలుకను తీసి చూసింది. "నలభై ఏండ్లు అట్టలకు బొక్కలు కొట్టి కొట్టి ఆఖరికి చెక్కకు గూడ బొక్కే కొట్టినవా? గిప్పుడు బా దేవునికి గీ బొక్కలకెల్లి మొక్కాల్నా?"

"మామా, మీ చిలుక ఎగిరిపోయింది," అంది కోడలు. నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ఆపుకోలేదని వినిపించింది.

నేను నవ్వలేదు. టేకు ఇక రెండు ముక్కలే మిగిలింది. రెండు తలుపులకు రెండు ముక్కలు. ఒక్క గీత తప్పినా సోమవారం బండి వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చేతితో రెండుసార్లు కోసిన బొమ్మలు ఎంత జాగ్రత్త పడినా ఒకేలా రావు. మందిరం మూసినప్పుడు రెండు చిలుకలూ పక్కపక్కనే ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని ముక్కు నూలు పోగంత పెద్దదైనా బా కనిపెడుతుంది.

ఆ మిషన్ పోతే నాకు పోయేదేమిటని శుక్రవారమంతా ఆలోచించాను. నేను అట్టలు కొట్టిన చీరలు ఎందరో కట్టుకున్నారు. నా చేతి పని ఇదని చూపించుకోవడానికి ఇంట్లో ఒక్కటి కూడా లేదు. షెడ్డులో అందరూ నన్ను మాస్టర్ అనేవారు, రిటైరయ్యాక అలా పిలిచే మనిషి కూడా బా ఒక్కతే. అది తిట్టడానికే అయినా సరే.

దారి కూడా చివరికి మగ్గమే చూపించింది. పెద్ద మగ్గం మీద ఒకే అట్టల వరుసతో పక్కపక్కన రెండు చీరలు నేస్తాం. రెండింటికీ ఒకే పువ్వు, వెంట్రుకంత తేడా రాదు. మరి ఇక్కడ రెండు పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే కోత కోస్తే? తర్వాత ఒకదాన్ని బోర్లా తిప్పితే దాని చిలుక ఇటు చూస్తుంది, రెండోది అటు చూస్తుంది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా అబ్బాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"బాపు, తప్పయితే రెండూ ఒక్కసారే పోతయ్ గదనే."

"వస్తే రెండూ ఒక్కసారే వస్తయ్ గదరా."

శనివారం పని మొదలుపెట్టాను. రెండు పలకలను కలిపి, తీసేసే భాగాల్లో సన్నటి మేకులు దిగవేశాను. అంచుల చుట్టూ టేపు వేశాను. ఈసారి చిలుకకు రంగు వేయలేదు. తీసేయవలసిన ఖాళీలకు మాత్రమే ఎర్ర రంగు నింపాను. చేతికి దాని పాత చదువే మిగిల్చి, బొమ్మనే తిరగేశానన్నమాట. ముప్పై ఒక్క ఖాళీలు వచ్చాయి. ప్రతిదానికీ ముందు చిన్న రంధ్రం వేసి, రంపాన్ని విప్పి, దానిలోంచి దూర్చి, మళ్ళీ బిగించి కోయాలి. మగ్గం మీద తెగిన పోగును సన్నటి కన్నంలోంచి లాగి ముడి వేసిన చేతికి అది కొత్త పని కాదు. చీకటి పడేలోగా ఇరవై రెండు పూర్తయ్యాయి. మధ్యాహ్నం మిషన్ అంతసేపు ఆడినా కర్ర దెబ్బలు వినిపించలేదు.

ఆదివారం పదింటికి బా తనే మెట్లెక్కి వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అందుకే హాజరులో ఆవిడ ఉంది.

గంట గడిచాక అంది. "మాస్టర్, చెదలు కూడా నీకన్నా తొందరగా పని చేశాయి."

"చెదలకు పద్ధతి లేదు బా, మా ఆయనకుంది," అంది నా భార్య. "గందుకే నా పానం తీస్తడు."

ముప్పై ఒకటో ఖాళీ చిలుక ముక్కు కింద. ముక్కుకూ మామిడికాయకూ మధ్య అగ్గిపుల్లంత చెక్క మిగలాలి. అది తెగితే ముక్కు గాలిలో వేలాడుతుంది. దాన్ని చివరికి ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు.

"బాపు, జర ఊపిరన్నా తీస్కో," అన్నాడు మా అబ్బాయి.

"తీస్కుంటే చెయ్యి కదులుతది. నువ్వు తీస్కో."

రంపం వంపు తిరిగింది. చిన్న ముక్క టక్కున రాలింది. స్విచ్ ఆపాను. అంచుల టేపు విప్పాను. తీసేసిన భాగాలతోపాటే మేకులన్నీ పోయాయి కాబట్టి వేరేగా పీకవలసింది ఏమీ లేదు. రెండు పలకల మధ్య కత్తి కొన దూర్చి పుస్తకంలా తెరిచాను.

రెండు చిలుకలు ఒకదానికొకటి ఎదురుగా చూస్తున్నాయి. ముక్కుకు ముక్కు, ఆకుకు ఆకు. నేను ఒకదాని మీద ఒకటి వేసి వెలుతురుకు ఎత్తి పట్టి చూపించాను. ముప్పై ఒక్క ఖాళీల్లోంచి వీధి కనిపించింది.

"ఒక్కటి కోస్తే రెండయినయ్ మామా," అంది కోడలు మెల్లగా. నా భార్య చిలుక మీది పొట్టును కొంగుతో తుడిచింది. ఆ సంగతి ఆ సాయంత్రం డైరీలో ప్రత్యేకంగా రాశాను.

బా కుర్చీ లోపలికి జరుపుకుంది. జాలీలో వేలు పెట్టి చిలుక ముక్కును తడిమింది. "ఇక్కడ గరుగ్గా ఉంది. గరుకు కాగితం పట్టించు," అంది. పట్టించాను. మళ్ళీ తడిమింది. మందిరానికి బిగించమని మా అబ్బాయితో తలుపులు మోయించుకుని కిందికి వెళ్ళిపోయింది. మిషన్ మాట ఎత్తలేదు.

"నోరిడిచి అడగరాదు?" అంది నా భార్య.

"అడిగితే వద్దంటదేమో."

దీపాల వేళకు మెట్ల మీద నుంచి చూశాను. బా మందిరంలో దీపం పెట్టి తలుపులు మూసింది. జాలీలోంచి వెలుతురు ఎదురు గోడ మీద పడి రెండు చిలుకలూ మనిషంత ఎత్తున కనిపించాయి. ఆవిడ దేవుడికి వీపు చేసి, గోడ వైపు తిరిగి చూస్తూ నిలబడి ఉంది.

మర్నాడు సోమవారం. మిషన్ మీద గుడ్డ కప్పి, పక్కన కూర్చుని డైరీ తెరిచాను. వీధిలో పాత సామాన్ల వాడి కేక వినిపించింది. మా ఇంటి ముందు కాస్త ఆగింది, తర్వాత ముందుకు వెళ్ళిపోయింది. పది దాటింది. కింద నుంచి కర్రతో మూడు దెబ్బలు. అలవాటుగా స్విచ్ ఆపడానికి చెయ్యి చాచాను. మిషన్ నడవడమే లేదు.

కోడలు బాల్కనీలోంచి వంగి బాతో ఏదో మాట్లాడి, నవ్వుతూ లోపలికి వచ్చింది.

"మామా, పది దాటింది, మాస్టర్ ఇంకా డ్యూటీకి రాలేదేందని అడుగుతుంది. తన ఉయ్యాల వెనక పలక గూడ చెదలు తిన్నదట."

గుడ్డ తీశాను. రంపం పళ్ళు కిందికి ఉన్నాయో లేదో చూసి బిగించాను. డైరీలో తేదీ వేసి హాజరు రాశాను: నేను, జాలీ మిషన్, కింద బా. తర్వాత స్విచ్ వేశాను.