టీ బాగుందన్న రోజు

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి మెడ పక్కన చిన్న గడ్డగా మొదలై, డాక్టర్లు లింఫోమా అని పేరు పెట్టిన క్యాన్సర్. రెండోది పుట్టుకతో వచ్చింది: ఎవరు ఏ చిన్న మాట అన్నా గుర్తుండిపోవడం. మొదటిది సౌదీలోని దమ్మామ్‌లో నయమైంది. రెండోదానికి ఇంతవరకు మందు కనిపెట్టినవాళ్ళు లేరు. (నాలుగో తరగతిలో నా పలక పగలగొట్టినవాడు ఇప్పుడు భీమవరంలో ఏ వీధిలో ఉంటున్నాడో నాకు తెలుసు. వాడికి ఆ పలక సంగతే గుర్తులేదట. అది ఇంకో అవమానం.) ఆ రోజుల్లో అన్నానని మరీ తాతలనాటి మాట అనుకోకండి, అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్లున్న కాలమే. చమురు కంపెనీలకు సామాను సరఫరా చేసే ఒక గోదాములో నేను స్టోర్స్ ఇంజనీరుని. ఇరవై ఆరేళ్ళు. నా తోటివాళ్ళంతా కారు లైసెన్సులకీ పెళ్ళిచూపులకీ తిరుగుతుంటే నేను ఆస్పత్రికి తిరిగాను. ఈ అన్యాయం మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియక, కంటికి కనిపించిన ప్రతిదాని మీదా చేశాను.

కీమో ఎక్కించే హాలుకి ఒక పెద్ద సిస్టర్ ఉండేది. కేరళావిడ, కొట్టాయం వైపు. పొట్టిగా, వెడల్పుగా, నడిస్తే చప్పుడు కాకుండా ఉండేది. మొదటిరోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, "ఏం తమ్మీ, బుగులైతుందా?" అంది. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి ఒక మలయాళీ ఆవిడ జగిత్యాల తెలుగులో పలకరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ హాలుకి కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి పనివాళ్ళు చాలామంది వచ్చేవారట. వాళ్ళకి సూదికన్నా, తమ భాష రానివాళ్ళ మధ్య ఏమవుతామోనన్న భయమే ఎక్కువని కనిపెట్టి, వాళ్ళ దగ్గరే ముక్కముక్కగా నేర్చుకుందట. అరబ్బీ, హిందీ సరే, ఫిలిప్పీన్స్ వాళ్ళని వాళ్ళ భాషలోనే నవ్వించేది కూడా. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం నేను, "సిస్టర్ గారూ, బుగులు కాదండీ, భయం అనాలండీ" అని సరిదిద్దాను. ఆవిడ సూది గుచ్చుతూ, తల ఎత్తకుండా, "నీ తెలుగు నాకు సమజ్ అయితలేదు తమ్మీ, నువ్వే మంచిగ నేర్చుకో" అంది. హాలంతా నవ్వింది. ఆ నవ్విన మొహాలన్నీ నాకిప్పటికీ గుర్తే.

ఆ హాల్లో నొప్పి ఎంతుందో చెప్పడానికి ఒక బొమ్మల పటం ఉండేది. ఒక చివర నవ్వే మొహం, ఇంకో చివర ఏడ్చే మొహం, మధ్యలో రకరకాలవి. వేలు పెట్టి చూపిస్తే దాన్నిబట్టి మందు ఇస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, మా హాల్లో దాన్ని ఎవడూ సరిగ్గా వాడలేదు. నా ఎదురు కుర్చీలో ఉనైజా అనే ఊరి నుంచి వచ్చిన ఒక ముసలాయన ఉండేవాడు. ఖర్జూరపు తోటలున్న మనిషి, వైద్యం కోసం దమ్మామ్‌లో కూతురింట్లో ఉంటున్నాడు. నేను ఖర్జూరం తాత అని పేరు పెట్టుకున్నాను. నొప్పి ఎంత అని అడిగితే ఆయన "అల్‌హమ్దులిల్లా", అంతా దేవుడి దయ, అనేవాడు. నొప్పి లేకపోయినా అదే, చచ్చేంత ఉన్నా అదే. కొత్త నర్సులు నవ్వే మొహం దగ్గర గుర్తు పెట్టి వెళ్ళిపోయేవారు. పెద్ద సిస్టర్ ఆ మాట వినేది కాదు, ఆయన ఖర్జూరాల పెట్టె వంక చూసేది. రోజూ ఆ పెట్టె తెచ్చి, వద్దన్నా వినకుండా తన చేత్తో అందరికీ పెట్టడం ఆయనకి అలవాటు. పెట్టే పని తోడు వచ్చిన కొడుకుకి అప్పగించాడంటే చెయ్యి చాపలేనంత నొప్పి అని ఆవిడ లెక్క. అప్పుడు డాక్టరుతో మాట్లాడి మందు తెప్పించి, ఇది ఇవాళ్టి వైద్యంలో భాగమేనని చెప్పి ఇచ్చేది. నొప్పి ఉందని ఆయన నోటితో అనాల్సిన పని ఉండేది కాదు.

నా పక్క కుర్చీలో జగిత్యాల మేస్త్రి అన్న. టైల్స్ పనివాడు. ఆయన పాట వేరే: "ఏం లేదు సిస్టర్, మంచిగున్న." బాగాలేదంటే కంపెనీ ఇంటికి పంపించేస్తుందని ఆయన భయం. ఒకరోజు సిస్టర్ ఆయన ఒళ్ళో ఒక నారింజపండు పెట్టి, తన చేతికి గ్లౌజులున్నాయి, కాస్త ఒలిచిపెట్టమని అడిగింది. అన్న ఆ పండుతో చాలాసేపు కుస్తీ పట్టాడు. తొక్క ఎక్కడ దొరకాలో వేళ్ళకి తెలియడం లేదు. మందు వల్ల వేళ్ళు మొద్దుబారిపోయాయని, ఆయన అన్నాళ్ళుగా దాస్తున్నాడని అలా బయటపడింది. డాక్టర్లు మందు మార్చారు. "నా ఏళ్ళు పోతే నేనేం బతుకుత సారూ, దొంగను పట్టినట్టు పట్టింది" అని అన్న నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. (ఆ పండు నన్ను ఒలవమని ఎందుకు అడగలేదని నాకు కొన్నాళ్ళు బాధ ఉండేది.)

ఇంక నా సంగతి. నాలాంటివాడికి అలాంటి ఉపాయాలు అక్కర్లేదనే అనుకునేవాణ్ణి. నేను అన్నీ నోటితోనే చెప్పేవాణ్ణి కదా. ఏసీ మరీ చల్లగా ఉందని, కాసేపటికి చాలడం లేదని. కిటికీ పక్క కుర్చీ ముందు నేను అడిగితే తాతకి ఇచ్చారని. బొమ్మల పటంలో ఒక్క మొహం కూడా మనవాళ్ళ మొహంలా లేదని. (దానికి సిస్టర్, "నీ మొహం వెట్టాలంటే పటం సాలదు తమ్మీ" అంది. అదీ రాసిపెట్టుకున్నట్టే ఉంది మనసులో.) అన్నిటికన్నా ముఖ్యంగా, టీ. గోరువెచ్చటి నీళ్ళలో ఒక సంచీ వేలాడేసి, పైన పాలపొడి చల్లి ఇచ్చే ఆ పదార్థాన్ని టీ అనడం నా ప్రాణం ఒప్పుకునేది కాదు. వెళ్ళినప్పుడల్లా అనేవాణ్ణి, "ఇది కుడితండీ సిస్టర్ గారూ, మా ఇంట్లో గేదె కూడా మూతి పెట్టదు." ఆవిడ ప్రతిసారీ అంతే ఓపికగా విని, కప్పు మార్చి అదే టీ మళ్ళీ ఇచ్చేది.

వైద్యం సగంలో ఉండగా, ఒకసారి అడ్మిట్ అయి తిరిగొచ్చాక, మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచాడు. ఈజిప్టు దేశస్థుడు, మర్యాదస్తుడు. హబీబీ, ఆరోగ్యమే ముఖ్యం అంటూ మొదలుపెట్టి, ఇంకొకసారి గనక ఆస్పత్రిలో పడుకుంటే ఎగ్జిట్ వేసి ఇంటికి పంపే సంగతి ఆలోచించక తప్పదన్నాడు. ఎగ్జిట్ అంటే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, పోతుంది, దాంతో ఇన్సూరెన్సు పోతుంది, వైద్యం సగంలో ఆగిపోతుంది. ఇంటి దగ్గర నాన్న అప్పటికే పదవీ విరమణ డబ్బు అక్క చదువుకి ఖర్చు చేసి కూర్చున్నారు. కాబట్టి ఏం జరిగినా సరే, మళ్ళీ అడ్మిట్ కాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు పెట్టుకుంటే రక్తంలో తెల్లకణాలు పెరుగుతాయని నమ్మే వయసది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక ఉదయం వణుకుతో మెలకువ వచ్చింది. నుదురు కాలుతోంది. జ్వరం వస్తే గోలీ మింగొద్దు, వెంటనే ఫోన్ చెయ్యమని సిస్టర్ నాకు ఎన్నోసార్లు చెప్పింది. కీమో తర్వాత ఒంట్లో కాపలా కణాలు ఉండవనీ, అప్పుడొచ్చే జ్వరం మామూలు జ్వరం కాదనీ, గోలీ వేస్తే అది దాక్కుంటుందే గానీ పోదనీ బొమ్మ గీసి మరీ చూపించింది. నేను గోలీ మింగాను. జ్వరం దిగింది. ఆ రోజు నాకు కీమో లేదు, రక్తపరీక్ష లేదు. కీమో ఎక్కించడానికి చేతిలో పెట్టిన సన్నటి గొట్టాన్ని మందునీళ్ళతో కడిగి కట్టు మార్చి పంపేస్తారు. ఎవరి కంటా పడకుండా ఉత్తమ రోగిలా వెళ్ళి, కట్టు మార్పించుకుని బయటపడాలని పథకం.

అంతా పథకం ప్రకారమే నడిచింది. థర్మామీటరు చల్లగా చూపించింది. బొమ్మల పటంలో నవ్వే మొహం మీద వేలు పెట్టాను. నా కుర్చీ ఇంకెవరికో ఇచ్చేశారు, మూల కుర్చీలో మాట్లాడకుండా కూర్చున్నాను. సిస్టర్ టీ కప్పు చేతికిచ్చి, మందునీళ్ళ సిరంజి తీసుకుని, మామూలుగా నేను మొదలుపెట్టే చోట ఒక క్షణం ఆగింది. నేను మొదలుపెట్టలేదు.

"ఇయ్యాల లొల్లి లేదేంది తమ్మీ?" అంది.

"ఏం లేదండీ."

"చాయ్ ఎట్లున్నది?"

"బాగుందండీ."

ఆవిడ సిరంజి పళ్ళెంలో పెట్టేసింది. "మల్లొక్కసారి జెప్పు."

"టీ బాగుందండీ" అన్నాను, నా నటన మీద నాకే ముచ్చటేసి.

"ఏసీ?"

"హాయిగా ఉందండీ."

అవతల తన కుర్చీలోంచి మేస్త్రి అన్న నా వంక భయంగా చూశాడు. సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది. కాసేపు పట్టుకుని వదిలేసి, గొట్టాన్ని కడగకుండానే, చప్పుడు లేకుండా నడిచివెళ్ళి డాక్టరుని వెంటబెట్టుకొచ్చింది. కొత్తగా వచ్చిన సౌదీ డాక్టరు, చిన్నవాడు. థర్మామీటరు అంకె చూశాడు, బీపీ చూశాడు, నాడి కాస్త వేగంగా ఉంది, కంగారు వల్ల కావచ్చన్నాడు. జ్వరం లేనివాడికి ఆవిడ రాయమంటున్న ఇన్ని రక్తపరీక్షలు దేనికని ఇంగ్లీషులో అడిగాడు.

"టీ బాగుందన్నాడు, డాక్టర్."

డాక్టరు ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు, కప్పు వంక చూశాడు.

"మీరు ఆ టీ తాగారా?" అంది సిస్టర్.

ఆయన ఎప్పుడో తాగే ఉంటాడు. పరీక్షల కాగితం మీద సంతకం పెట్టాడు. ఆవిడ గొట్టం లోంచి, రెండో చేతి నరం లోంచి రక్తం తీసి పంపి, "గోలీ ఏస్కున్నవా? నిజం జెప్పు" అని నా చెవి దగ్గర అడిగింది. కోప్పడితే ఎదురు చెప్పేవాణ్ణేమో, కోప్పడలేదు. తల ఊపాను. "ఎందుకు?" అంటే ముదీర్ మాట చెప్పాను. చెబుతుంటే నాకే తెలియకుండా ఏడుపొచ్చింది. ఆవిడ గ్లౌజు తీసేసి, నా బోడిగుండు మీద చెయ్యి వేసి, "అది నా పని. నీ పని బతుకుడు" అంది.

రెండో చేతికి క్రిముల్ని చంపే మందు ఎక్కడం మొదలైన కాసేపటికి గోలీ పని అయిపోయింది. దాక్కున్న జ్వరం బయటికొచ్చింది. కుర్చీ కాళ్ళు టకటకలాడేంత వణుకు. ఖర్జూరం తాత తన ఉన్ని దుప్పటి తీసి పంపించాడు. రక్తపరీక్ష వచ్చింది: కాపలా కణాలు లేనట్టే లెక్క. గొట్టం ద్వారా క్రిములు రక్తంలోకి చేరాయని తర్వాతి పరీక్షలో తేలింది. ఆ గొట్టాన్ని అప్పుడే కడిగి ఉంటే అవన్నీ ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్ళేవని, ఇంటికెళ్ళి పడుకుని ఉంటే తెల్లారి లేచేవాణ్ణి కాదేమోనని చిన్న డాక్టరే తర్వాత చెప్పాడు. చెప్పి సిస్టర్ వైపు తిరిగి, ఇకమీదట మీ టీ పరీక్ష నాకు కూడా చెప్పండి అన్నాడు.

ఒట్టు గట్టున పెట్టి అడ్మిట్ అయ్యాను. మాట్లాడనా అని నన్ను అడిగి సిస్టర్ మా ముదీర్‌కి ఫోన్ చేసింది. అరబ్బీలో చాలాసేపు. మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి గొంతు తగ్గించింది. మర్నాడు ఆయన జ్యూసు సీసాలతో వచ్చి, తొందరేం లేదు హబీబీ, గోదాము ఎక్కడికీ పోదు అని వెళ్ళాడు. ఎగ్జిట్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఏం చెప్పారండీ అని సిస్టర్ని ఎంత అడిగినా "నీకెందుకు" అనేది. నా గురించి నాకు తెలియని మాట ఒకటి ఆ ఇద్దరి మధ్యా ఉండిపోయిందన్న బాధ నాకిప్పటికీ ఉంది.

కొన్నాళ్ళు మగతలోనే గడిచాయి. ఒక ఉదయం కళ్ళు తెరిస్తే ఎదురుగా ఓట్స్ గంజి గిన్నె. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఇది గోడలకి పోస్టర్లు అంటించడానికి ఉంచుకోండని ఫిలిప్పీన్స్ నర్సుతో ఇంగ్లీషులో అన్నాను. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకోవడానికి బదులు బయటికి పరిగెత్తింది. నిమిషంలో పెద్ద సిస్టర్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఇంకా ఏమేం బాగాలేదో చెప్పమంది. దిండు, కర్టెను, పక్కగదిలోని టీవీ, ఒక్కొక్కటే చెప్పాను. ఆవిడ నవ్వుతూ విన్నది, కళ్ళు తుడుచుకుంటూ విన్నది. బయటికెళ్ళి ఎవరితోనో, "ఇగ బుగులు లేదు" అంది.

ఇదంతా పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి చెప్పడం నేను చేసిన తెలివితక్కువ పని. మొన్నొక శుక్రవారం మధ్యాహ్నం, ఈ దమ్మామ్‌లోనే, భోజనం చేస్తూ పులుసు బాగుందన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని నా నుదుటి మీద పెట్టింది. అన్నం కూడా పొడిపొడిగా ఉందన్నాను. అంతే, ఇప్పుడు తాయిఫ్‌లో పనిచేస్తున్న సిస్టర్‌కి వీడియో కాల్ వెళ్ళింది. "ఇంకేమన్నడు?" అని సిస్టర్ అడగడం వినిపించింది. "దవఖానకు తోల్కపో" అనడం కూడా. అలా, ఒంట్లో ఏ నలతా లేని నేను ఎమర్జెన్సీలో వేలికి క్లిప్పు పెట్టించుకుని కూర్చున్నాను. పులుసు నిజంగానే బాగుందంటే నమ్మినవాళ్ళు లేరు.

అలా కూర్చుని ఆ బోడిగుండు కుర్రాణ్ణి తలుచుకున్నాను. లోకంలో తన మాట వినేవాళ్ళే లేరని కుర్చీలో ముడుచుకుని ఎంత ఉడుక్కునేవాడో. పాపం, వాడి మాట అంత శ్రద్ధగా వింటున్న మనిషి ఆ కప్పు పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉందని వాడికి తెలియలేదు.