మామ చేసిన క్రూడాయిల్ డ్రమ్ము

ఆ రోజుల్లో కోయంబత్తూరులో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ తనలో ఒక ఇంజనీరు ఉన్నాడని నమ్మేవాడు. ఒకవైపు మిల్లుల దూది, ఇంకోవైపు ఫౌండ్రీల మసి పీల్చి పెరిగినవాడికి వినయం ఎక్కడినుంచి వస్తుంది? నాకూ రాలేదు. ఇరవయ్యో ఏట మిల్లు వేస్టు గోడౌనులో గుమాస్తాగా చేరాను (అంటే పనికిరాని నూలుకు కాపలా). సాయంత్రాలు మా అమ్మ తమ్ముడి లేతు షెడ్డులో కూర్చుని ప్రపంచాన్ని బాగుచేస్తూ ఉండేవాణ్ణి.

మామ మాత్రం నిజంగానే పనిమంతుడు. అప్పట్లో బావుల మీద ఇంజన్లు చాలావరకు చవకరకం నల్లనూనెతో నడిచేవి. మావైపు దాన్ని క్రూడాయిల్ అనేవాళ్ళు. అందులో నీళ్ళూ మడ్డీ కలిసి వచ్చేవి, వారానికోసారి ఇంజను మొరాయించేది. దానికి విరుగుడుగా మామ ఒక డ్రమ్ము తయారుచేశాడు. ఇంజను పొగగొట్టాన్ని డ్రమ్ము చుట్టూ తిప్పితే ఆ వేడికి నూనె పలచబడి నీళ్ళు అడుక్కి దిగుతాయి, పైకి తేలిన నూనె నూలు వేస్టు కూరిన గొట్టంలోంచి వడకట్టుకుని ఇంజనుకు పోతుంది. షెడ్డులో చిన్న డ్రమ్ముతో చూస్తే చక్కగా పనిచేసింది. ఇక పొలంలో పెట్టి చూడాలి. ఎవరి పొలంలో అన్న ప్రశ్నే లేదు. కినత్తుకడవు దగ్గర మా పెద్దమ్మ తోట ఉంది. భర్త పోయిన మనిషి, ఒంటిచేత్తో సేద్యం, తమ్ముడి మాట కాదనదు. మిరప అప్పుడే పూత మీద ఉంది. ఇంజను కొన్నాక మోట ఎద్దుల్ని కూడా అమ్మేసింది కాబట్టి, ఇంజను ఆగితే తోటకు నీళ్ళు లేవు. ఇది మా ఇద్దరికీ తెలుసు. తెలిసే వెళ్ళాం.

పెద్దమ్మ డ్రమ్ముకు పసుపు రాసి కుంకుమ పెట్టి, హారతి కూడా ఇచ్చింది. మొదటిరోజు అతుకు దగ్గర కారి సగం నూనె నేల తాగింది. రెండోరోజు పొగగొట్టం వేడికి ఇంజను షెడ్డు మీది కొబ్బరాకులు అంటుకున్నాయి. (బిందెలతో నీళ్ళు తోడి ఆర్పాం. అప్పటిదాకా మా పుణ్యాన ఆ బావిలోంచి పైకొచ్చిన నీళ్ళు అవే.) మామ గొట్టం మార్చాడు. మూడోరోజు ఇంజను గంటసేపు హాయిగా నడిచింది. నీళ్ళు మళ్ళలోకి పారుతుంటే పెద్దమ్మ కాలవ గట్టున నిలబడి తమ్ముణ్ణి గర్వంగా చూసుకుంది. ఆ తర్వాత ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

మామ వడకట్టే గొట్టం విప్పితే బూడిదరంగు జిగురు ముద్ద బయటికొచ్చింది. అదేమిటో నాకు చూడగానే తెలిసిపోయింది. తోటకు బయల్దేరే ముందు, పెద్ద డ్రమ్ముకు రెండు మూటల వేస్టు తెమ్మని మామ నాకు చెప్పాడు. ఎప్పుడూ తెచ్చే మెత్తటి వేస్టు ఆ రోజు గోడౌనులో లేదు. నేత వైపునుంచి వచ్చిన వేస్టు తెల్లగా, బిరుసుగా కనిపించింది. ఇదింకా మేలు అనుకుని మామకు చెప్పకుండా అదే తెచ్చాను. నేతకు ముందు పడుగు నూలుకు గంజి పెడతారు, ఆ బిరుసంతా గంజిదే. గోడౌను ఊడ్చే ముసలమ్మకు కూడా తెలిసిన సంగతి అది. నాకూ తెలుసు. వేడీ నీళ్ళూ తగిలితే ఆ గంజి ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు. మేము మూడు రోజులు చెమటోడ్చి ఇంజనుకు గంజి కాచి పోశాం.

మామ ఆ ముద్దను వేళ్ళతో నలిపి చూశాడు. నా ముఖం కేసి చూశాడు. పెద్దమ్మ వైపు తిరిగి, "నాదే తప్పు అక్కా. డ్రమ్ము సరిగా చెయ్యలే" అన్నాడు. నేను వంగి, విప్పిన బోల్టులు ఏరడం మొదలుపెట్టాను.

జిగురు ఇంజను లోపలి నూనె పంపు దాకా పాకింది. కొత్త పంపు రావడానికి పదిరోజులు పట్టింది. బావినిండా నీళ్ళున్నాయి, పక్కనే మిరప పూత రాలిపోతోంది. పెద్దమ్మా నేనూ బిందెలతో పోస్తే నాలుగు సాళ్ళు తడిసేవి. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండుపూటలా వేడివేడి సంగటి పెట్టి, ఇంకో ముద్ద వేసుకోమనేది. తోట పోయింది. మామ డ్రమ్మును అక్కడే వదిలేశాడు. ఆ తర్వాత కొత్తగా ఏదీ చెయ్యలేదు. ఎవరైనా అడిగితే, లేతు మీద పుల్లీలు కోసుకుంటే చాలు మనకు అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. రేపు చూద్దాం అని లేచి వచ్చేసేవాణ్ణి.

అది జరిగిన ఇరవయ్యేళ్ళకు మామ పోయాడు. కర్మ అయిన రోజు పెద్దమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసు లే సామీ. ఆ డ్రమ్ము కడిగింది నేను గదా. ఇన్నేండ్లుగా చీరలకి గంజి పెడతాండాను, చూస్తే తెలీదా?"

మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"మీ మామే అడగొద్దన్నాడు. వాడే వచ్చి చెప్తాడు అక్కా, అంతవరకు ఆగు అన్నాడు."

అప్పటి నాలోని ఆ ఇంజనీరు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వే వస్తుంది. ఇంజనుకు గంజి పోశానని మామకు ఒక్కసారి చెప్పి ఉంటే, ఆయనా నవ్వేవాడు.